ఇంకొకరికి చోటు

పుష్పక విమానాన్ని గురించి మనవాళ్ళు రెండు విశేషాలు చెబుతారు. ఒకటి, అది ఆకాశంలో ఎగురుతుంది. రెండోది, ఎంతమంది ఎక్కినా అందులో ఇంకొకరికి చోటు మిగిలే ఉంటుంది. ఎగరడం ఇవాళ పెద్ద విశేషం కాదు. గన్నవరం మీదుగా రోజూ ఎగురుతూనే ఉన్నాయి. రెండో విశేషమే ఇంకా మన చేతికి అందలేదు. ఆ మాట మొదట ఎవరన్నారో గాని, ఆయన సంసారి అయి ఉంటాడని నా నమ్మకం. పెళ్ళికి ఇంటిల్లిపాదీ బయలుదేరే వేళ వీధరుగు మీద నిలబడి తలలు లెక్కపెట్టుకున్నవాడికి తప్ప అట్లాంటి కోరిక పుట్టదు.

కారు చేసేవాళ్ళకు ఈ తలల లెక్క పట్టలేదు. ఐదుగురు అన్నారు, అక్కడితో ఆగిపోయారు. ఆ ఐదు ఏ శాస్త్రంలోదో తెలియదు. మనుషులు బయలుదేరితే నలుగురైనా ఉంటారు, ఆరుగురైనా ఉంటారు. ఆరో మనిషి ఎవరన్నది మాత్రం ప్రతి ఇంట్లోనూ ఒక్కటే. "మీరు వెళ్ళి రండి, నేను ఇల్లు చూసుకుంటాను" అని ఎవరు ముందుగా అంటారో వారే. మా ఇంట్లో ఆ మాట మా అత్తయ్యగారిది.

పోయిన ఏడాది మా ఇంట్లో పాత కారు మార్చాలన్న చర్చ వచ్చినప్పుడు, ఈ మినీ వ్యాను అనే వాహనం కథ కాస్త చదివాను. ప్రబంధాలు చెప్పుకునేదానికి మోటారు బండ్ల గొడవ ఎందుకని మా వారు నవ్వారు. నవ్వితే నవ్వారు గాని, చదివిన కొద్దీ అది మోటారు కథలా అనిపించలేదు. నడిపేవాడిని తప్ప తక్కినవాళ్ళను కూడా మనుషులుగా లెక్కపెట్టడానికి యంత్రాలు చేసేవాళ్ళకు ఎంతకాలం పట్టిందో చెప్పే కథ అది.

నిజానికి మన గూడుబండికి ఆ లెక్క ముందే తెలుసు. ఎండుగడ్డి పరచి, మీద జంపఖానా వేసి, పిల్లల్నీ ఆడవాళ్ళనీ ముసలివాళ్ళనీ లోపల కూచోబెట్టేవారట. బండి తోలేవాడు ముందర నొగల దగ్గర ఎండలో కూచునేవాడు. సుఖం లోపలివాళ్ళది, కష్టం తోలేవాడిది. మోటారు వచ్చి ఈ వరస తిరగేసింది. మంచి సీటు, చక్రం, అద్దం, పాట పెట్టే మీట అన్నీ తోలేవాడికే. వెనకవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని అతని తల వెనకభాగం చూస్తూ ప్రయాణం చెయ్యాలి.

ఈ పద్ధతి బాగాలేదని మొదట గట్టిగా అనుకున్నవాళ్ళలో విలియం స్టౌట్ అనే అమెరికన్ ఒకడు. ఆయన విమానాల ఇంజనీరు. 1930ల నడుమ 'స్కారబ్' అని ఒక బండి చేశాడు. స్కారబ్ అంటే పేడపురుగు. ఈజిప్టువాళ్ళు పూర్వం పూజించేవారు గనక గౌరవమైన పేరే అనుకోవాలి. యంత్రాన్ని వెనక్కి నెట్టి, ముందు భాగమంతా గదిలాగా వదిలాడు. తోలేవాడి సీటు ఒక్కటే కదలదు. తక్కిన కుర్చీలను ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు, మధ్య బల్ల వేసుకోవచ్చు. ఆలోచన దివ్యంగా ఉంది గాని, ధర ఐదువేల డాలర్లు. ఆ రోజుల్లో అది ధనికులకే చెల్లే మాట. మొత్తం మీద తొమ్మిదో ఎన్నో తయారై ఆగిపోయాయి. పేడపురుగు ఆకారాన్ని జనం మెచ్చలేదేమో కూడా!

రెండో ఘట్టం జర్మనీలో. యుద్ధం ముగిసిన కొత్తలో వోల్ఫ్స్‌బర్గ్ ఫోక్స్‌వాగన్ కర్మాగారం ఇంగ్లీషువాళ్ళ అజమాయిషీలో ఉండేది. అక్కడికి కార్లు కొనడానికి బెన్ పాన్ అనే డచ్చి వర్తకుడు వచ్చాడు. కర్మాగారంలో సామాన్లు అటూ ఇటూ మోసుకోవడానికి పనివాళ్ళు కారు అడుగుభాగం మీద చెక్కబల్ల బిగించి ఒక మోటుబండి చేసుకున్నారు. అందరూ దాన్ని చూసి ఉంటారు, పాన్ కంటికి మాత్రం అందులో ఇంకేదో కనిపించింది. 1947 ఏప్రిల్ 23న తన పుస్తకంలో నాలుగు గీతలు గీశాడు: ఒక పెట్టె, ముందు తోలేవాడు, వెనక యంత్రం, మధ్యంతా ఖాళీ. చిన్నపిల్లలు గీసే బస్సు బొమ్మ ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. ఇవాళ ఆ కాగితం ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. 1950 మార్చిలో ఆ బొమ్మ నిజమైన బండిగా కర్మాగారం దాటింది. ముందు సామాన్లకు, తరవాత మనుషులకు. అమెరికాలో పెద్ద సంసారాలవాళ్ళూ, తరవాత జుట్టు పెంచుకుని దేశం తిరిగిన యువకులూ దాన్ని ఒకే రకంగా ప్రేమించారు. 1956లో ఇటలీలో ఫియట్‌వాళ్ళు ఇంకో అడుగు వేసి, మూడున్నర మీటర్ల పొడవులో మూడు వరసల సీట్లు ఇరికించి 'మల్టీప్లా' అన్నారు. మన నాలుగడుగుల వంటింట్లో నలభై డబ్బాలు సర్దినట్టు ఉంటుంది ఆ పనితనం.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పకుండా ముందుకు పోలేను. 1960ల మొదట్లో అమెరికా కోడిమాంసం చవగ్గా వచ్చి పడుతున్నదని యూరపు దేశాలు దానిమీద సుంకం పెంచాయి. అమెరికాకు కోపం వచ్చింది. 1963 డిసెంబరులో అధ్యక్షుడు జాన్సన్ బదులు సుంకాలు ప్రకటించాడు. బంగాళాదుంప పిండి మీద, బ్రాందీ మీద, చిన్నరకం సామాన్ల బండ్ల మీద నూటికి ఇరవై ఐదు. కోళ్ళ తగాదా ఎప్పుడో చల్లారినా బండ్ల మీది సుంకం మాత్రం దశాబ్దాల తరబడి అట్లాగే నిలిచిపోయింది. దాంతో ఫోక్స్‌వాగన్ సామాన్ల వ్యాను అమెరికాకు రావడం దాదాపు ఆగిపోయింది. కోడికీ వ్యానుకూ ముడిపెట్టిన రాజకీయం మన ఊరి పంచాయితీల్లో కూడా చూడలేదు. అసలు చిక్కేమిటంటే, వెనక ఖాళీ ఉన్న బండి మనుషులదా, సామాన్లదా అన్నది ఏ దేశపు కాగితాల్లోనూ సరిగా తేలదు. ఆ చిక్కు మళ్ళీ వస్తుంది.

అసలు కథ ఇద్దరు మనుషులది. హాల్ స్పెర్లిక్, లీ అయకోకా. ఇద్దరూ ఫోర్డు కంపెనీలో పెద్ద ఉద్యోగులు. అప్పటి అమెరికన్ సంసారాలకు ఉన్న దారులు రెండే. ఒకటి, వెనక పొడుగ్గా సాగదీసిన స్టేషన్ వాగన్. దాని చివరి వరసలో పిల్లలు చాలా బండ్లలో వెనక్కి తిరిగి కూచుని, వచ్చేవాళ్ళను వెక్కిరిస్తూ పోయేవారు. రెండోది, సరుకుల వ్యాను. అది ఇంటి గారేజీలో పట్టదు. ఈ రెంటికీ నడుమ ఒక బండి కావాలని స్పెర్లిక్ పట్టుబట్టాడు. లోపల నిలువెత్తు కాకపోయినా తీరిగ్గా కూచునే ఎత్తు ఉండాలి, బయట గారేజీలో పట్టాలి, పొట్టి గౌను వేసుకున్న ఆడమనిషి కూడా ఇబ్బంది లేకుండా ఎక్కాలి.

దీనికి అడ్డం ఎక్కడ వచ్చిందంటే, బండి కడుపు కింద. యంత్రం ముందుంటుంది, అది తిప్పేది వెనక చక్రాలను. ఆ శక్తిని వెనక్కి తీసుకుపోవడానికి కింద ఒక పొడుగాటి ఇరుసు ఉండాలి. దాని మీద నేల వెయ్యాలి గనక నేల ఎత్తవుతుంది, మధ్యలో గూనిలాగా ఉబ్బుతుంది. పాత కార్లలో వెనక సీటు మధ్యన కూచున్నవాళ్ళకు ఆ గూని బాగా తెలుసు. అది ఎప్పుడూ ఇంట్లో చిన్నవాళ్ళకే రాసిపెట్టి ఉండేది. యంత్రం ముందు చక్రాలనే తిప్పేటట్టు చేస్తే ఇరుసు అక్కర్లేదు. నేల దిగుతుంది, చదునవుతుంది. నేల నాలుగంగుళాలు దిగడమంటే కాగితం మీద చిన్న సంగతే. మోకాళ్ళు అరిగినవాళ్ళను అడిగితే అసలు విలువ చెబుతారు.

కాని అందుకు కొత్త యంత్ర భాగాలు కావాలి, బోలెడంత డబ్బు కావాలి. రెండో హెన్రీ ఫోర్డు ఒప్పుకోలేదు. పట్టు విడవని స్పెర్లిక్‌కు ఉద్వాసన చెప్పారు. 1977లో ఆయన క్రైస్లర్‌లో చేరాడు. 1978 జులైలో అయకోకా వంతు వచ్చింది. నవంబరు కల్లా ఆయనా అక్కడికే చేరాడు. చేరిన ఇల్లు మాత్రం తగలబడుతున్న ఇల్లు. క్రైస్లర్ దివాలా అంచున ఉంది. 1980 జనవరిలో ప్రభుత్వం 150 కోట్ల డాలర్ల అప్పులకు హామీ ఉండేటట్టు చట్టం చేస్తే గాని నిలబడలేదు. అట్లాంటి సమయంలో ఎవరైనా చేతిలో ఉన్న నాలుగు డబ్బులు దాచుకుంటారు. వీళ్ళు ఎవరూ చూడని బండి మీద పెట్టారు. 1983లో ఆ అప్పు గడువుకు ఏడేళ్ళు ముందే తీర్చేశారు. అదే సంవత్సరం నవంబరు 2న కెనడాలోని విండ్సర్ కర్మాగారంలో మొదటి మినీ వ్యాను బయటికి వచ్చింది. ఒకే బండికి డాడ్జ్ కారవాన్, ప్లిమత్ వాయేజర్ అని రెండు పేర్లు. మొదటి ఏడాదే రెండు లక్షల పైచిలుకు అమ్ముడుపోయాయి.

దానికి జారుడు తలుపు ఒక్కవైపే ఉండేది. రెండోవైపు కూడా తలుపు పెడితే బాగుంటుందని తోచడానికి 1995 దాకా పట్టింది. సీట్లు తియ్యాలంటే ఇద్దరు పట్టి, నులకమంచం మోసినట్టు బయటికి మొయ్యాలి. నేలలోకే మడిచి దాచేసే సీట్లు 2004లో గాని రాలేదు. ఇన్ని లోపాలున్నా జనం ఎగబడ్డారంటే ఆ అవసరం ఎంతకాలంగా ఎదురుచూస్తున్నదో చూడండి. పోతే, పెట్రోలు పొదుపు లెక్కల్లో ప్రభుత్వం ఈ బండిని కారుగా కాక చిన్న ట్రక్కుగా రాసుకుంది. అందువల్ల కంపెనీకి నిబంధనలు తేలికయ్యాయి. అమ్మమ్మ, మనవలు, పాలసీసా అన్నీ సర్కారు దస్తరంలో సరుకు కింద జమ అయ్యాయన్నమాట.

తక్కిన దేశాలూ అదే సమయంలో అదే తోవ తొక్కాయి. జపానులో నిస్సాన్ 'ప్రేరీ' 1982లోనే వచ్చింది. ఫ్రాన్సులో 1984లో రెనో 'ఎస్పాస్' వచ్చింది. ఎస్పాస్ అంటే జాగా అనే అర్థం. మొదటి నెలలో తొమ్మిదంటే తొమ్మిదే అమ్ముడుపోయాయి. తరవాత అది యూరపు సంసారాలకు ఇలవేల్పు అయింది.

ఇంత మేలు చేసిన బండికి చివరికి దక్కింది ఏమిటంటే, ఎగతాళి. అమెరికాలో 2000 సంవత్సరంలో ఇవి పదమూడు లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. అదే శిఖరం, ఆ తరవాత దిగుడే. పిల్లల్ని ఆటలకు తిప్పే తల్లుల బండి అని పేరు పడింది. ఆ వెనక సీట్లలో నిద్రపోయి, పాలు ఒలకబోసి, పెరిగి పెద్దయినవాళ్ళే "అమ్మ నడిపే బండి మాకొద్దు" అన్నారు. కొండలెక్కే ఆకారం ఉన్న ఎత్తు బండ్లు కొన్నారు. ఎక్కేది కొండ కాదు, బజారే. ఫోర్డూ, జనరల్ మోటార్సూ ఈ వ్యాపారమే మానుకున్నాయి. ఒక వస్తువు ఆడవాళ్ళ చాకిరికి గుర్తుగా మారిందంటే ఇక దానికి గౌరవం నిలవదు. రోలూ రోకలీ అయినా అంతే, వ్యానైనా అంతే. ఇది నా అభిప్రాయం. మా వారు ఒప్పుకోరు.

మా ఆడపడుచు డాలస్‌లో ఉంటుంది. వాళ్ళకు టొయోటా సియెన్నా ఉంది. అత్తయ్యగారు అక్కడ ఆరు నెలలు ఉండి వచ్చారు. నయాగరా ఎట్లా ఉందని ఇరుగుపొరుగు అడిగితే, "నీళ్ళు బాగానే పడుతున్నాయి. ఆ బండి తలుపు మాత్రం చూడాలమ్మా! మీట నొక్కితే దానంతట అదే పక్కకు జరుగుతుంది. కుడికాలు పెట్టి గడప దాటినట్టు లోపలికి వెళ్ళడమే" అని చెప్పేవారు. మనవలకు మాత్రం ఆ బండి బడి ముందు ఆగితే తలవంపులట.

మన దేశంలో కథ వేరు. ఇక్కడ మొదట వచ్చింది 1984లో మారుతీ వ్యాను. ఆమ్నీ అన్న పేరు తరవాత 1988లో పెట్టారు. 796 సీసీల చిన్న యంత్రం ముందు సీట్ల కిందే ఉండేది. ఎండాకాలం ముందు కూచున్నవాళ్ళకు నిప్పుల కుంపటి మీద కూచున్నట్టే. అయినా బడి పిల్లల్ని, రోగుల్ని, పెళ్ళివాళ్ళను, గ్యాసు పొయ్యిలను ఏకరీతిగా మోసింది. సినిమావాళ్ళకు మాత్రం అది మనుషుల్ని ఎత్తుకుపోయే బండి. పక్కకు జరిగే తలుపు అందుకు అనువుగా ఉంటుంది కాబోలు. 2019లో దాన్ని చెయ్యడం మానేశారు. 1994లో టాటావాళ్ళ సుమో వచ్చింది. ఆ పేరు జపాను మల్లయోధులది కాదు; ఆ సంస్థను నడిపిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని మొదటి అక్షరాలు కలిపి పెట్టినది. 2000లో క్వాలిస్, 2005లో దాని స్థానంలో ఇన్నోవా. ఈ రెంటికీ మూలపురుషుడు ఇండోనేషియాలో 1977లో పుట్టిన 'కిజాంగ్'. ఆ భాషలో జింక అని అర్థం. అదీ మొదట సామాన్ల బండే. అక్కడి చిన్నచిన్న కార్ఖానాలవాళ్ళు దాని వెనక గూడు కట్టి సీట్లు బిగించి సంసారాలకు అమ్మేవారు. ఎక్కడ చూసినా ఇదే తంతు. ముందు సరుకు, దాని వెనక మనిషి.

మన దగ్గర ఈ బండ్లకు వచ్చిన తలవంపు 'అమ్మ బండి' అని కాదు, 'ట్యాక్సీ' అని. తెల్ల ఇన్నోవా కొంటే ఎవరైనా చెయ్యెత్తి తిరుపతికి ఎంత అని అడుగుతారని భయం. మా అబ్బాయి అభ్యంతరం సరిగ్గా అదే. వాడికి ఎత్తుగా, బింకంగా, కళ్ళెర్రజేసినట్టుండే బండి కావాలి. మా వారికి ఏదైనా సరే.

ఇంట్లో ఆరుగురం. మేమిద్దరం, పిల్లలిద్దరు, మామయ్యగారు, అత్తయ్యగారు. అబ్బాయికి నచ్చిన బండిని చూడడానికి అందరం వెళ్ళాం. అత్తయ్యగారు తలుపు పట్టుకుని ఒక కాలు పైకెత్తారు. అది అందలేదు. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని మళ్ళీ ప్రయత్నించారు. అమ్మేవాడు మర్యాదగా ఒక చిన్న పీట తెప్పిస్తానన్నాడు. ఆవిడ కాలు దించేసి, నవ్వి, "బండి బాగుందిరా నాన్నా, తీసుకోండి. నేను ఇంక ఎక్కడికి వెళతాను గనక! ఇల్లు చూసుకోవడానికి ఒకరు ఉండాలిగా" అన్నారు. గత ఐదేళ్ళలో ఆవిడ సొంత చెల్లెలి మనవరాలి పెళ్ళికి వెళ్ళలేదు, అన్నవరం వెళ్ళలేదు, నా కూతురి మొదటి కచేరీ వినలేదు. ప్రతిసారీ ఇంటికి కాపలా కావాల్సి వచ్చింది. ఆ ఇంట్లో దొంగలు ఎత్తుకుపోయేంత వస్తువు ఏమీ లేదు.

ఎవరు వస్తారు, ఎవరు ఆగిపోతారు అన్నది మనం ప్రేమాభిమానాలను బట్టి నిర్ణయిస్తామనుకుంటాం. చాలాసార్లు నేల ఎత్తూ, సీట్ల లెక్కా నిర్ణయించేస్తాయి. మనం దానికి పైన మాటలు అతికిస్తాం అంతే.

ఆ రాత్రి నేను చదివిన ఇరుసు సంగతంతా ఇంట్లో చెప్పాను. మా అబ్బాయి తెల్లబోయాడు. వెనక చక్రాలు తిరిగే ఇన్నోవా మంచి బండే గాని నేల ఎత్తు; ముందు చక్రాల ఇన్నోవా హైక్రాస్ 2022లో వచ్చింది, దాని ధర మాకు అందదు. జారుడు తలుపుల కియా కార్నివాల్‌ను 2020 నుంచి మన పెనుకొండలోనే బిగించి అమ్మారు. కృష్ణదేవరాయలు వేసవి విడిది చేసిన ఊళ్ళో తయారైన ఆ బండి లెక్చరర్ జీతానికి రాయలవారి పల్లకీ అంత దూరం. చివరికి 2012లో వచ్చిన మారుతీ ఎర్టిగా మిగిలింది. స్విఫ్ట్ కారు అడుగు మీద కట్టిన బండి గనక ముందు చక్రాలే తిరుగుతాయి, నేల కారు నేలంతే ఉంటుంది. ఏడుగురు పడతారు. రెండేళ్ళు వాడినది ఒకటి దొరికింది. అత్తయ్యగారు తలుపు తెరిచి, మొదట కూచుని తరవాత కాళ్ళు లోపలికి పెట్టుకున్నారు, మంచం మీద కూచున్నట్టు. ఎవరూ ఏమీ అనలేదు. బయానా ఇచ్చేశాం.

లోపాలు చెప్పకపోతే అమ్మకందారు మాటలా ఉంటుంది. మూడో వరసలోకి పోవాలంటే మధ్య సీటు వంచి, దూరి పోవాలి. అది పిల్లలకే సాధ్యం. ఇద్దరికీ అక్కడే రాసిపెట్టి ఉంది. మూడో వరస నిలబెడితే వెనక సామాన్లకు చోటు ఉండదు. ఏడుగురు వెళ్ళవచ్చు గాని, ఏడుగురి పెట్టెలు వెళ్ళలేవు. ఈ సంగతి ఏ దేశపు ఇంజనీరుకూ ఇంకా పూర్తిగా తెగలేదు.

మాఘమాసంలో బాపట్ల దగ్గర మేనల్లుడి పెళ్ళి. ఆరుగురం బయలుదేరుతున్నాం. నిన్న సాయంత్రం వంటింట్లోకి వినబడేటట్టు అత్తయ్యగారు ఫోనులో తెనాలిలో ఉన్న తోడికోడలికి చెబుతున్నారు. "మా బండిలో ఒక చోటు ఖాళీగా ఉంది. దారిలో ఎక్కించుకుంటాం, తొమ్మిదింటికల్లా సిద్ధంగా ఉండు. సంచి మాత్రం ఒక్కటే తెచ్చుకో, పచ్చడి జాడీ ఈసారికి వద్దు."